క్రూజ్‌లో బాల్కనీ గ్యారంటీ రేటు తక్కువ చెప్తున్నారు, రూమ్ నంబర్ మాత్రం తర్వాతట. అత్తయ్య, మామయ్యలతో వెళ్తుంటే తీసుకోవచ్చా?

గోదారిపిల్ల_నిజాంపేట్:

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో సింగపూర్ వెళ్లి, అక్కడ క్రూజ్ ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల ప్యాకేజీ చూస్తున్నాం. మొత్తం ఐదుగురం. నేను, మా వారు, తొమ్మిదేళ్ల బాబు ఒక రూమ్‌లో, అత్తయ్య, మామయ్య ఇంకో రూమ్‌లో. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కాస్త బీపీ కూడా ఉంది, నడుస్తారు గానీ ఎక్కువ దూరం కష్టం. ఆయనకి సముద్రం అంటే ప్రాణం, రిటైరైనప్పటి నుంచి షిప్ ఎక్కాలని అంటున్నారు, అందుకే ఈసారి ఎలాగైనా తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాం.

హిమాయత్‌నగర్‌లో ఒక ఏజెంట్ దగ్గరికి వెళ్తే రెండు రేట్లు చెప్పారు. బాల్కనీ గ్యారంటీ అయితే పెద్దవాళ్లకి తలకి 62,000. మనమే డెక్ ప్లాన్, అంటే షిప్‌లో ఏ అంతస్తులో ఏ రూమ్ ఎక్కడుందో చూపించే మ్యాప్, చూసుకుని రూమ్ ఎంచుకుంటే 69,000. బాబుకి రెండింట్లోనూ ఒకటే రేటు. అంటే నలుగురికి కలిపి 28,000 తేడా. ఆయన మాత్రం గ్యారంటీయే తీసుకోండి మేడమ్, అదృష్టం బాగుంటే సూట్‌కి అప్‌గ్రేడ్ కూడా అవుతుంది అంటున్నారు. రూమ్ నంబర్ ఎప్పుడొస్తుందంటే సరిగ్గా చెప్పలేదు, ప్రయాణానికి ముందు వచ్చేస్తుంది అన్నారంతే.

నాకు తెలియాల్సింది ఏంటంటే, ఈ గ్యారంటీ అన్నది అసలు దేనికి? రేటు మారదనా, రూమ్ దొరుకుతుందనా? నంబర్ ఎవరు ఇస్తారు, ఏ లెక్కన ఇస్తారు? రెండు రూములూ పక్కపక్కన వస్తాయా? నచ్చకపోతే మార్చుకోవచ్చా? ఇరవై ఎనిమిది వేలు చిన్న మొత్తం కాదు కదా, మిగిలితే ఫుకెట్‌లో ఒక మంచి కారు మాట్లాడుకుని అత్తయ్య వాళ్లని హాయిగా తిప్పొచ్చు అనిపిస్తోంది. ఈ రేటు మీద వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.


మల్కాజిగిరి_మెరైనర్:

నమస్తే అండి. నేను కొన్నేళ్లు ఒక క్రూజ్ షిప్‌లో గెస్ట్ సర్వీసెస్ డెస్క్‌లో పనిచేశాను, కాబట్టి అవతలి వైపు నుంచి ఇది ఎలా నడుస్తుందో చెప్తాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

కంపెనీ మాట ఇచ్చేది ఒక్కదానికే, కేటగిరీకి. షిప్‌లో రూములు స్థూలంగా నాలుగు రకాలు. కిటికీ లేని ఇన్‌సైడ్, కిటికీ ఉన్న ఓషన్ వ్యూ, బాల్కనీ, సూట్. మీరు బాల్కనీ గ్యారంటీ కొంటే బాల్కనీ కంటే తక్కువ రూమ్ ఇవ్వరు, అంతకంటే మంచిది ఇస్తే ఇవ్వొచ్చు. ఏ డెక్, ముందా వెనకా, లిఫ్ట్‌కి దగ్గరా దూరమా, ఇవేవీ ఆ మాటలో లేవు. మీ బుకింగ్ కాగితం మీద రూమ్ నంబర్ ఉండాల్సిన చోట గ్యారంటీ అనో జీటీవై అనో ఉంటుంది. ఇక్కడ భయపడాల్సిన పని లేదు, అది వెయిటింగ్ లిస్ట్ కాదు, మీ సీటు ఖాయమే. సికింద్రాబాద్ నుంచి ఫస్ట్ ఏసీలో టికెట్ కొంటే కన్ఫర్మ్ అని వస్తుంది గానీ ఏ క్యాబిన్, ఏ కూపే అన్నది చార్ట్ పడ్డాకే తెలుస్తుంది కదా, అచ్చం అలాంటిదే.

ఎందుకు తగ్గించి అమ్ముతారంటే, సొంతంగా ఎంచుకునేవాళ్లందరూ ముందు ఎగబడేది షిప్ మధ్యలో, లిఫ్ట్‌కి దగ్గరగా, పైనా కిందా మళ్లీ రూములే ఉన్న డెక్‌ల మీద ఉండే గదుల కోసం. అవి అయిపోయాక ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ మిగిలిపోతాయి. బాగా ముందువైపు, బాగా వెనకవైపు, స్విమ్మింగ్ పూల్ కింద, థియేటర్ పైన, ఇలాంటివి. వాటిని విడివిడిగా అమ్మాలంటే కష్టం. గ్యారంటీ మీద కొన్నవాళ్లు చేతిలో ఉంటే కంపెనీకి బోలెడు వెసులుబాటు, చివరిదాకా ఆగి ఎవరిని ఎక్కడ సర్దాలో చూసుకోవచ్చు. ఆ వెసులుబాటు కోసమే వాళ్లు మీకు రేటు తగ్గిస్తున్నారు.

నంబర్ ఎప్పుడొస్తుందంటే నిజంగానే చెప్పలేం. కొందరికి బుక్ చేసిన కొద్ది రోజులకే వస్తుంది, కొందరికి సెయిలింగ్‌కి కొన్ని వారాల ముందు, కొందరికి రెండు మూడు రోజుల ముందు. పోర్ట్‌కి వచ్చాక తెలుసుకున్నవాళ్లు కూడా నా డెస్క్ ముందు నిలబడ్డారు. ఆన్‌లైన్ చెకిన్ నంబర్ లేకపోయినా చేసుకోవచ్చు. లగేజ్ ట్యాగ్ మీద నంబర్ రాకపోతే టెన్షన్ పడొద్దు, టెర్మినల్‌లో పోర్టర్ల దగ్గర ఖాళీ ట్యాగులుంటాయి, నంబర్ రాసి కట్టేస్తారు.

ఒకసారి నంబర్ వచ్చాక మాత్రం అదే ఫైనల్ అనుకోండి. నచ్చలేదంటే మార్చే బాధ్యత కంపెనీకి లేదు. డెస్క్‌కి వచ్చి అడిగేవాళ్లని చూస్తే పాపం అనిపించేది, కానీ షిప్ నిండిపోయి ఉంటే మేం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. దసరా, దీపావళి, క్రిస్మస్, ఇలా సెలవుల్లో నడిచే సెయిలింగ్స్ దాదాపు నిండిపోతాయి.

ఇక అసలు సంగతి, మీ రెండు రూములు. పక్కపక్కన వస్తాయని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. రెండు బుకింగ్‌లనీ లింక్ చేయిస్తే డిన్నర్‌కి ఒకే టేబుల్ ఇప్పించడం తేలికవుతుంది గానీ, గ్యారంటీ రూములు దగ్గర దగ్గరగా వస్తాయన్న హామీ దాంతో రాదు. మీరు ఎనిమిదో డెక్‌లో ముందు, అత్తయ్యగారు వాళ్లు పన్నెండో డెక్‌లో వెనక, ఇలా రావడం చాలా మామూలు. సింగపూర్ నుంచి నడిచిన క్వాంటమ్ ఆఫ్ ద సీస్ లాంటి షిప్ పొడవు దాదాపు 348 మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకి సన్నటి కారిడార్‌లో, అడుగు కింద కొద్దిగా ఊగుతూ ఉంటే, మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకి ఎన్నిసార్లు నడవగలరో మీరే ఆలోచించండి.


చిక్కడపల్లి_జంట:

మేమిద్దరం ఎప్పుడు వెళ్లినా గ్యారంటీ మీదే వెళ్తాం, మాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. పిల్లలు పెద్దవాళ్లైపోయారు, మేమిద్దరమే, రూమ్ ఎక్కడున్నా నిద్రపోయి లేవడానికే కదా. పగలంతా పైన డెక్ మీదో, లైబ్రరీలోనో ఉంటాం. ఆ మిగిలిన డబ్బుతో ఒకటి రెండు ఊళ్లు అదనంగా చూసొస్తాం.

ఒకసారి ఓషన్ వ్యూ కొంటే బాల్కనీ వచ్చింది, సంతోషంగానే ఉంది. కానీ అది లెక్కలో వేసుకుని కొనొద్దు అండి. మీ ఏజెంట్ సూట్ అంటున్నారు చూడండి, ఆ మాట నాకు నచ్చలేదు. ఇన్‌సైడ్ నుంచి ఓషన్ వ్యూకో, ఓషన్ వ్యూ నుంచి బాల్కనీకో జరపడం వినపడుతుంది, బాల్కనీ నుంచి సూట్‌కి ఊరికే ఎక్కించడం చాలా అరుదు, సూట్‌లకి డబ్బు కట్టడానికి వేరే గిరాకీ ఉంటుంది. పైగా ఇప్పుడు చాలా కంపెనీలు అప్‌గ్రేడ్‌లని వేలం పాటలా అమ్ముతున్నాయి, మీరింత ఇస్తే పై రూమ్ ఇస్తాం అని మెయిల్ పెడతాయి, ఖాళీగా మిగిలిన మంచి రూములు చాలావరకు అటే పోతున్నాయి.

నా లెక్క ఇది. ఆ కేటగిరీలో షిప్ మొత్తం మీద ఉన్న రూముల్లో అన్నిటికంటే అధ్వానమైనది మీకే వచ్చిందనుకోండి. అప్పుడు కూడా ఈ రేటుకి సరేలే అనిపిస్తే కొనండి, మనసుకి పట్టకపోతే వదిలేయండి. మా ఇద్దరికైతే ఎప్పుడూ సరే. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారు కాబట్టి మీ జవాబు వేరే కావచ్చు. నేనైతే మామయ్యగారి రూమ్ ఎంచుకుని, మీ ముగ్గురి రూమ్ మాత్రం గ్యారంటీ తీసుకునేవాణ్ణి. అప్పుడు 14,000 మిగులుతుంది, ఆయనకీ ఇబ్బంది ఉండదు.


బోడుప్పల్_ఇల్లాలు:

చప్పుడు సంగతి ఎవరూ గట్టిగా చెప్పట్లేదు, నేను చెప్తాను. మాకు ఒక షిప్‌లో గ్యారంటీ మీద వచ్చిన రూమ్ సరిగ్గా పూల్ డెక్ కింద పడింది. రాత్రి పదకొండు దాకా పైన పాటలు, తర్వాత కాసేపు నిశ్శబ్దం, తెల్లవారుజామున ఐదున్నరకల్లా పైన నేల కడగడం, పడక కుర్చీలు గరగరమని ఈడ్చి వరసగా వేయడం మొదలు. ఆ చప్పుడు నేరుగా మన నెత్తి మీద పడుతున్నట్టే ఉంటుంది. ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకున్నా ఆగదు, ఎందుకంటే గర్ర్ మని మంచం కూడా అదురుతుంది. డెస్క్‌లో అడిగితే మర్యాదగానే మాట్లాడారు, ఖాళీ లేదన్నారు. నాలుగు రాత్రులూ మా అమ్మ సరిగ్గా నిద్రపోలేదు, బీపీ ఉన్న మనిషి. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధ వేస్తుంది, ఆవిడ కోసమే కదా వెళ్లింది.

మాతో వచ్చిన ఇంకో కుటుంబానికి ఓషన్ వ్యూ గ్యారంటీలో వచ్చిన కిటికీ చూశాను. కర్టెన్ పక్కకి లాగితే ఎదురుగా నారింజ రంగు లైఫ్‌బోట్ పొట్ట, దాని పైన ఒక జానెడు ఆకాశం. సముద్రం కావాలంటే మంచం మీద నిలబడి, లైఫ్‌బోట్‌కి కప్పీకి మధ్య సందులోంచి చూడాలి. అది కూడా ఓషన్ వ్యూ కిందే లెక్క, ఎందుకంటే కిటికీ అవతల ఉన్నది సముద్రమే. బాల్కనీల్లో కూడా కొన్నింటికి ఇలాంటి అడ్డాలు ఉంటాయి. మామయ్యగారు సముద్రం చూడాలని వస్తున్నారు అన్నారు కాబట్టి చెప్తున్నాను.

రెండు రూముల్లో ఒకటి గ్యారంటీ తీసుకోండి అన్న సలహా నాకు సరిగ్గా అనిపించట్లేదు, చిక్కడపల్లి వారు ఏమనుకోకండి. అర్ధరాత్రి ఆయనకి ఒంట్లో బాగోకపోతే అత్తయ్యగారు ఒక్కరే ఏం చేస్తారు? ఫోన్ చేస్తారు, నిజమే, కొడుకు అవతలి కొస నుంచి పరుగెత్తుకుంటూ రావాలి. పెద్దవాళ్ల రూమ్ ఎంత మంచిదన్నదానికంటే మీ రూమ్‌కి ఎంత దగ్గరన్నది ముఖ్యం.


చిక్కడపల్లి_జంట:

లేదండి, అనుకోవడానికేముంది, మీరు చెప్పింది నిజమే. పక్కన మనిషి కావాలంటే నా పద్ధతి పనికిరాదు.


టికెటింగ్_అబిడ్స్:

నేను ఇదే పనిలో ఉన్నాను కాబట్టి రేట్ల గురించి రెండు మూడు సంగతులు చెప్తాను. పేరు గ్యారంటీ అని అందరూ వాడరు, కంపెనీని బట్టి పేరు, షరతులు మారిపోతాయి, ఏజెంట్లు కూడా చాలాసార్లు అన్నింటినీ ఒకే గాటన కట్టేసి చెప్తారు. రాయల్ కరీబియన్‌లో గ్యారంటీలకి వేరే కోడ్‌లుంటాయి, ఇన్‌సైడ్‌కి జడ్‌ఐ, బాల్కనీకి ఎక్స్‌బీ, అలా. ఎమ్‌ఎస్‌సీలో బెల్లా అనే రేటు కొంటే రూమ్ వాళ్లే ఇస్తారు, ఫాంటాస్టికా కొంటే మనం ఎంచుకోవచ్చు. నార్వేజియన్‌లో సెయిల్ అవే అంటారు, అందులో రూమ్ ఎంచుకునే వీలూ ఉండదు, మామూలు రేటుతో వచ్చే ఉచిత ప్యాకేజీలూ రావు. డిస్నీ వాళ్లు చివర్లో అమ్మే ఇలాంటి రేట్లకైతే బుక్ చేసిన రోజే మొత్తం డబ్బు కట్టాలి, క్యాన్సిల్ చేస్తే తిరిగి రాదు, పేర్లు మార్చడానికీ వీల్లేదు. కాబట్టి మీ ఏజెంట్‌ని ముందు అడగాల్సింది ఈ రేటు క్యాన్సిలేషన్ షరతులు ఏంటని. గ్యారంటీ అయినంత మాత్రాన ప్రతిచోటా డబ్బు తిరిగిరాదని కాదు, కొన్నిచోట్ల ఎంచుకున్న రూమ్‌కీ దీనికీ ఒకే షరతులు. రాతపూర్వకంగా మెయిల్‌లో తెప్పించుకోండి.

బాల్కనీ అన్నప్పుడు అది సముద్రం వైపు బాల్కనీయేనా అని కూడా అడగండి. ఒయాసిస్ తరగతి షిప్‌లలో లోపలి తోట వైపు, బోర్డ్‌వాక్ వైపు తెరుచుకునే బాల్కనీలు కూడా ఉంటాయి. సింగపూర్‌కి వచ్చిన డిస్నీ అడ్వెంచర్‌లోనూ లోపలి వైపు చూసే వరండా రూములున్నాయి. సరదాగా ఉంటాయి, పిల్లలకి బాగా నచ్చుతాయి, కానీ మామయ్యగారికి కావాల్సింది అది కాదు.

ముగ్గురు ఉండే రూమ్ విషయంలో జాగ్రత్త. బాబు పేరు మొదటి రోజే బుకింగ్‌లో ఉండాలి. ఇద్దరి పేర్లతో తీసుకుని తర్వాత కలుపుదాంలే అంటే, ఇద్దరికే సరిపోయే రూమ్ వచ్చేస్తే అక్కడితో ఆగిపోతుంది. ముగ్గురు నలుగురు పట్టే రూములు షిప్‌లో తక్కువ. రూమ్‌లో మంచాలు సర్దినా సరిపోదు, లైఫ్‌బోట్‌లలో సీట్ల లెక్క కూడా ఉంటుంది, ఫలానా భాగంలో ఇంతమందే ఉండాలని, అందుకే రూములు ఖాళీగా ఉన్నా మూడో మనిషిని తీసుకోని సందర్భాలు వస్తాయి.

రేటు పోల్చేటప్పుడు తలకి ఎంత అని కాకుండా, రెండు కొటేషన్‌ల అడుగున ఉన్న మొత్తం చూడండి. పోర్ట్ ఛార్జీలు, పన్నులు కలిపారా లేదా, టిప్స్ ముందే కట్టించుకుంటున్నారా లేదా. టిప్స్ మనిషికి రోజుకి ఇంత అని ఉంటాయి, గ్యారంటీ రూమ్ అయినా తగ్గవు. టీసీఎస్, అంటే విదేశీ ప్యాకేజీల మీద ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్, కూడా వసూలు చేస్తారు, అది రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు గానీ ఇప్పుడైతే జేబులోంచి పోవాల్సిందే. ఇవన్నీ కలిపి చూశాక ఆ 28,000 తేడా అలాగే ఉంటుందో లేదో తెలుస్తుంది. అప్పుడప్పుడు గ్యారంటీకీ, ఎంచుకోగలిగే రూముల్లో అన్నిటికంటే చవకైనదానికీ తేడా వెయ్యి రెండు వేలే ఉంటుంది. ఏజెంట్ మీకు చెప్పిన 69,000 మధ్య డెక్‌లో మంచి రూమ్‌దై ఉండొచ్చు, అదే బాల్కనీలో అంతకంటే తక్కువ రకం కూడా అడిగి చూడండి.


గోదారిపిల్ల_నిజాంపేట్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మా వారికి చదివి వినిపించాను, లైఫ్‌బోట్ కిటికీ దగ్గర ఆయన మొహం మారిపోయింది. గ్యారంటీ వద్దనే అనుకుంటున్నాం. కానీ రెండు రూములూ ఎంచుకుని తీసుకుంటే బడ్జెట్ దాటిపోతోంది. అందరం ఓషన్ వ్యూకి దిగిపోదామా? లేక బాల్కనీలోనే తక్కువ రకం చూద్దామా? ఇంకో సందేహం, ఫుకెట్ దగ్గర అలలు ఎక్కువగా ఉంటాయి, తల తిరుగుతుంది అంటున్నారు, దానికి రూమ్‌కి ఏమైనా సంబంధం ఉందా?


మల్కాజిగిరి_మెరైనర్:

సంబంధం ఉందండి, బాగా ఉంది. షిప్ ఊగినప్పుడు తక్కువ కదిలేది మధ్య భాగం, అందులోనూ కింది డెక్‌లు. ముందు కొస, పై డెక్‌లు ఎక్కువ ఊగుతాయి. అండమాన్ సముద్రం వైపు నైరుతి గాలులు అక్టోబరు దాకా ఉంటాయి, దసరా సమయానికి ఒక్కోసారి సముద్రం ప్రశాంతంగా ఉండొచ్చు, ఒక్కోసారి కాస్త అల ఉండొచ్చు. పెద్ద షిప్‌లో మరీ భయపడేంత ఉండదు గానీ, పెద్దవాళ్లకి మధ్యలో రూమ్ ఉంటే ఆ తేడా తెలుస్తుంది. గ్యారంటీలో మీ చేతిలో లేనిది సరిగ్గా ఇదే.

ఇంకో సంగతి. ఫుకెట్‌లో పెద్ద షిప్‌లు సాధారణంగా పటాంగ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తాయి, అక్కడి నుంచి చిన్న బోట్లలో ఒడ్డుకి తీసుకెళ్తారు. ఆ లంగరు గొలుసు దింపేటప్పుడు ముందు భాగంలో కింది డెక్‌లో పడుకున్నవాళ్లకి ఇనుప సామాను లారీలోంచి గుమ్మరించినట్టు వినిపిస్తుంది, అది కూడా పొద్దున్నే. చిన్న బోటులోకి అడుగు పెట్టేటప్పుడు కింద అల కదులుతూ ఉంటుంది, సిబ్బంది చేయి పట్టుకుంటారు, అయినా మామయ్యగారు దిగాలా వద్దా అన్నది ఆ రోజు సముద్రాన్ని చూసి నిర్ణయించుకోండి. దిగకపోయినా నష్టం లేదు, అందరూ ఊళ్లోకి పోయాక షిప్ ఖాళీగా, చాలా ప్రశాంతంగా ఉంటుంది.

బడ్జెట్ గురించి ఒక ఉపాయం చెప్తాను, పిల్లలు, పెద్దవాళ్లతో వచ్చే కుటుంబాలు చాలామంది చేసేదే. రెండు బాల్కనీలు అక్కర్లేదు. మధ్య భాగంలో లిఫ్ట్‌కి దగ్గరగా ఒక బాల్కనీ రూమ్ ఎంచుకోండి అత్తయ్యగారు వాళ్లకి. అదే కారిడార్‌లో సరిగ్గా ఎదురుగా ఇన్‌సైడ్ రూములుంటాయి, తలుపు తీస్తే ఎదురు తలుపు. అది మీ ముగ్గురికి. బాబుకి పై నుంచి దించే బెర్త్ ఉంటుంది, పిల్లలకి అదంటే మహా ఇష్టం. ఇన్‌సైడ్‌లో కిటికీ ఉండదు, కొన్ని కొత్త షిప్‌లలో బయటి సముద్రాన్ని కెమెరాతో చూపించే పెద్ద స్క్రీన్ పెట్టారు, మీ షిప్‌లో ఉందేమో అడగండి. పగలంతా మీరెలాగూ అత్తయ్యగారి బాల్కనీలోనే ఉంటారు, రాత్రికి చీకట్లో హాయిగా నిద్రపడుతుంది. రెండూ నంబర్‌తో సహా ఎంచుకున్నా, మొత్తం రెండు బాల్కనీ గ్యారంటీల కంటే తక్కువకే రావాలి, లెక్క వేయించండి.

ఎంచుకునే ముందు డెక్ ప్లాన్ తీసి మీ డెక్ ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని పైదీ కిందదీ కూడా పక్కన పెట్టుకుని చూడండి. పైనా కిందా రూములే ఉంటే నిశ్శబ్దం. పైన బఫే, పూల్, జిమ్, కింద థియేటర్, క్లబ్ ఉంటే వదిలేయండి. ప్లాన్‌లో ఏ పేరూ రాయకుండా తెల్లగా వదిలేసిన పెద్ద జాగా ఉంటే అది వంటగదో, సిబ్బంది సామాను తోసే దారో అయ్యుంటుంది, దాని పక్కన కూడా వద్దు. లిఫ్ట్‌కి మరీ ఆనుకుని కాకుండా నాలుగైదు రూములు ఇవతలగా తీసుకుంటే నడక తక్కువ, చప్పుడూ తక్కువ. రెండు రూముల మధ్య లోపలి తలుపు ఉండే కనెక్టింగ్ రూములకి ప్లాన్‌లో చిన్న గుర్తు ఉంటుంది, అవతలివాళ్లు మనవాళ్లు కాకపోతే ఆ తలుపు సందులోంచి మాటలన్నీ వినిపిస్తాయి, అలాంటిది వద్దు.


టికెటింగ్_అబిడ్స్:

మెరైనర్ గారు చెప్పిన ఎదురెదురు రూములు మేం కూడా చాలామందికి వేస్తుంటాం, బాగా కుదురుతుంది. రెండు నంబర్లూ మీరే ఎంచి ఇచ్చి, ఒకటి రెండు రోజులు హోల్డ్ పెట్టమని అడగండి, చాలా సెయిలింగ్స్‌కి డబ్బు కట్టకుండానే పెట్టొచ్చు. ఆలస్యం చేయొద్దు, మధ్య భాగంలో ముగ్గురు పట్టే ఇన్‌సైడ్ రూములే అందరికంటే ముందు అయిపోతాయి. మామయ్యగారికి వీల్‌చైర్ అవసరం పడే పరిస్థితి ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పండి, వెడల్పు తలుపు, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు ఉన్న రూములు వేరే ఉంటాయి, అవి షిప్ మొత్తం మీద కొన్నే. పోర్ట్‌లో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వరకే వీల్‌చైర్ సాయం కావాలంటే మామూలు రూమ్ తీసుకుని ముందే కంపెనీకి రిక్వెస్ట్ పెడితే చాలు.

ఇంకో మాట, మరీ భారీ షిప్ వద్దనుకుంటే, విశాఖ, చెన్నై వైపు కూడా తిరిగిన కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఉంది. 1990లో కట్టిన పాత షిప్, పొడవు 211 మీటర్లే, నడక తగ్గుతుంది. కాకపోతే అందులో బాల్కనీలు చాలా తక్కువ, ఎక్కువగా ఇన్‌సైడ్, ఓషన్ వ్యూలే. సింగపూర్ చూడాలన్నది మీ ప్లాన్ కాబట్టి ఊరికే చెప్తున్నా.


గోదారిపిల్ల_నిజాంపేట్:

ఇవాళ సాయంత్రం ఏజెంట్ ఆఫీసులో కూర్చుని డెక్ ప్లాన్ తెరిపించాం. మీరు చెప్పినట్టే పైదీ కిందదీ పక్కన పెట్టుకుని చూశాం. మధ్యలో, లిఫ్ట్ నుంచి ఐదో తలుపు, పైనా కిందా రూములే ఉన్న డెక్‌లో అత్తయ్య వాళ్లకి బాల్కనీ దొరికింది. సరిగ్గా ఎదురుగా కాదు గానీ ఒక తలుపు పక్కకి మాకు ముగ్గురు పట్టే ఇన్‌సైడ్ ఉంది. మొత్తం అన్నీ కలిపి రెండు బాల్కనీ గ్యారంటీల కంటే పదకొండు వేలు తక్కువే వచ్చింది! ఏజెంట్ గారు మొదట గ్యారంటీయే మేలని మళ్లీ అన్నారు, రెండు రూములూ ఒకే డెక్‌లో వస్తాయని మెయిల్‌లో రాసిస్తారా అని మా వారు అడిగితే, అది మా చేతిలో లేదు సార్ అని ఒప్పుకున్నారు. సముద్రం వైపు బాల్కనీయేనని, ఎదురుగా లైఫ్‌బోట్‌లు లేవని, క్యాన్సిలేషన్ షరతులతో సహా మెయిల్ పంపారు. బాబు పేరు కూడా ఇప్పుడే కలిపించాం. రేపు సాయంత్రం దాకా హోల్డ్‌లో ఉంది, పొద్దున్నే వెళ్లి అడ్వాన్స్ కట్టేస్తాం.

మామయ్యగారికి ప్లాన్‌లో ఆ బాల్కనీ చూపిస్తే వేలితో కొలిచి, ఇక్కడ రెండు కుర్చీలు పడతాయా అని అడిగారు. పడతాయి కదా?


బోడుప్పల్_ఇల్లాలు:

రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల, మామూలుగా అన్ని బాల్కనీల్లోనూ ఉంటాయండి. చాలా సంతోషంగా ఉంది వింటుంటే. ఒక్కటి మర్చిపోకండి, సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, షిప్ అక్కడి నుంచి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి రెండోసారి లోపలికి రావాలి కదా. ఐదుగురి వీసాల మీదా ఆ మాట ఉందో లేదో చేతికి రాగానే చూసుకోండి.